ఈఎంఎస్ బెల్ట్ కడితే పొట్ట తగ్గుతుందా? డైట్‌తో కలిపి వాడే పద్ధతి ఇదీ

ఈఎంఎస్ బెల్టుల గురించి నన్ను అందరూ అడిగేది ఒక్కటే: "కట్టుకుని కూర్చుంటే పొట్ట కరుగుతుందా?" సూటిగా చెబుతున్నా, కరగదు. అలాగని ఇది పనికిరాని గ్యాడ్జెట్ కాదు. దీని పని వేరు.

ఎలా పనిచేస్తుంది?

మామూలుగా మెదడు నుంచి సిగ్నల్ వస్తే కండరం బిగుసుకుంటుంది. ఇక్కడ ఆ పని చర్మంపై పెట్టిన ప్యాడ్స్ నుంచి వెళ్లే చిన్న కరెంట్ పల్స్ చేస్తుంది. నొప్పికి వాడే టెన్స్ మెషీన్ వేరు, ఇది వేరు. కండరాన్ని తాత్కాలికంగా టోన్ చేయగలదు గానీ, బరువు తగ్గించడానికి ఈ పరికరాలకు అనుమతి ఇవ్వలేదని అమెరికా ఎఫ్‌డీఏ చెప్పింది.

మరి డైట్ ఎందుకు?

కిలో కొవ్వు అంటే సుమారు 7,700 కేలరీలు. 20 నిమిషాల సెషన్‌తో అది కరగదు. అదే రోజూ 150 గ్రాముల అన్నం తగ్గిస్తే సుమారు 200 కేలరీలు మిగులుతాయి. లెక్క ప్రకారం 38 రోజులకు ఒక కిలో. కానీ ఉత్త తిండి తగ్గిస్తే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. దాన్ని కాపాడేది వ్యాయామం, ప్రొటీన్. ఈఎంఎస్ ఉపయోగం ఇక్కడే.

జర్మనీలో 70 ఏళ్లు దాటిన మగవాళ్లపై 16 వారాల పరిశోధన జరిగింది. ఫుల్ బాడీ ఈఎంఎస్‌తో పాటు ప్రొటీన్ ఎక్కువగా తీసుకున్నవాళ్లకు కొవ్వు తగ్గింది, కండ పెరిగింది. అయితే వాళ్లు వాడింది ట్రైనర్ దగ్గర వేసుకునే సూట్, పొట్టకు కట్టే బెల్ట్ కాదు.

నేను చెప్పే పద్ధతి

* హైదరాబాద్‌లోని ఎన్ఐఎన్ లెక్కలో ప్రొటీన్ కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాములు. 70 కిలోలుంటే 58 గ్రాములు. గుడ్డులో ఉండేది 6 గ్రాములే, కాబట్టి పప్పు, పెరుగు, చికెన్ కూడా ఉండాలి.
* వారానికి ఒకటి రెండు సెషన్లు చాలు. ఊరికే కూర్చోకుండా స్క్వాట్స్ లాంటివి చేయండి.
* మొదటిరోజే ఫుల్ లెవెల్ పెట్టొద్దు. కండరం బాగా దెబ్బతింటే కిడ్నీలకే ప్రమాదం.
* పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు, ఫిట్స్ వచ్చేవాళ్లు వాడకూడదు. కిడ్నీ సమస్య ఉంటే ప్రొటీన్ పెంచే ముందే డాక్టర్‌ని అడగండి.

ఫలితం చూసేదెలా?

స్మార్ట్ స్కేల్ చూపించే ఫ్యాట్ శాతం ఒంట్లో నీటిని బట్టి మారుతుంది. ఉదయం పరగడుపున, ఒకే టైమ్‌కి చూసి వారం సగటు తీయండి. నడుముకి టేప్ కూడా పెట్టండి. బరువు కదలకపోయినా టేప్ తగ్గుతుంటే సరైన దారిలో ఉన్నట్టే.

కొనాలా వద్దా? ముందు నెల రోజులు ప్లేటు మార్చి చూడండి. అది కుదిరితేనే బెల్ట్ మీద డబ్బు పెట్టండి.