మనసు మీద వార్త రాయడం

సైకాలజీ చదివినవాడికి పత్రికలో ఏం పని అని నన్ను చాలామంది అడిగారు. డేనియల్ గోల్‌మన్ హార్వర్డ్‌లో ఆ శాస్త్రంలోనే డాక్టరేటు పొంది, 1984 నుండి 12 ఏళ్లు న్యూయార్క్ టైమ్స్‌లో మనస్తత్వ పరిశోధనల మీద రాశాడు. 1995లో వచ్చిన అతని ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్’ చదివే నేను వాల్టర్ మిషెల్ మిఠాయి పరీక్ష సంగతి తెలుసుకున్నాను. ఎదురుగా ఒక మిఠాయి. కాసేపు ఆగితే రెండు. ఆగిన పిల్లలు పెద్దయ్యాక చదువులో ముందున్నారట. ఓర్పే సర్వస్వమన్నట్టు నేనూ ఉత్సాహంగా తెలుగులో రాసేశాను.

కొన్నాళ్లకు మా గుమ్మడిదలలో టీ హోటల్ దగ్గర మందుల కంపెనీ కార్మికుడొకడు ఆపాడు. "సారూ, కాంట్రాక్టు పని మాది. రేపు ఉంటదో లేదో తెల్వని పోరడు ఇయ్యాల్నే తింటడు గదా, అది తప్పా?"

అప్పుడు జవాబు లేదు. 2018లో టైలర్ వాట్స్ బృందం 900కు పైగా పిల్లల వివరాలతో మళ్లీ చూసింది. కుటుంబ నేపథ్యం, ఇంటి వాతావరణం, పిల్లల తొలినాటి తెలివితేటలు లెక్కలోకి తీసుకోగానే ఆ సంబంధం మూడింట రెండు వంతులు తగ్గిపోయింది. మిషెల్ చూసింది స్టాన్‌ఫర్డ్ ఆవరణలోని శిశువిహారంలో. ఆ పిల్లల్లో ఎక్కువమంది విశ్వవిద్యాలయం వారి బిడ్డలే. నా వ్యాసంలో ఆ ఒక్క వాక్యమే లేదు.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, పరిశోధన పత్రంలో ముందు "ఎవరి పిల్లలు, ఎందరు" అన్న పేరా వెతకండి. నా సవరణ లోపలి పేజీలో నాలుగు లైన్లుగా వచ్చింది. కత్తిరించి ఆ టీ హోటల్‌లో ఇచ్చి వచ్చాను.