ఫ్రిజ్ మార్పిడి, మన్నిక: చిరంజీవికి ఒక సలహా లేఖ



పాత ఫ్రిజ్ పాడైన ఇంట్లో ఏ కంపెనీది కొంటే ఎక్కువ కాలం మన్నుతుందన్న చర్చ మొదలవడం సహజమే అయినా, ఆ చర్చకు ముందు తేలవలసిన అంశాలు రెండున్నాయి. పాడైన యంత్రం నిజంగా మార్చవలసిన దశకు చేరిందా అన్నది మొదటిది. మన్నిక అనేది యంత్రంలోని ఏ భాగం మీద, యంత్రానికి వెలుపల ఉన్న ఏ ఏర్పాట్ల మీద ఆధారపడి ఉంటుందన్నది రెండవది. ఈ రెండూ తెలిసినవారికి కంపెనీ పేరును ఎంతవరకు నమ్మవచ్చో దానంతట అదే బోధపడుతుంది కనుక, ఈ లేఖ ఆ వరుసలోనే సాగుతుంది.

ఫ్రిజ్ చల్లదనాన్ని కొత్తగా పుట్టించదు. అరల్లోని వేడిని తీసి వంటగదిలోకి వదులుతుంది. నల్లని ఉక్కు డబ్బాలో బిగించి ఉండే మోటారును, పంపును కలిపి కంప్రెసర్ అంటారు. అది శీతలీకరణ వాయువును ఒత్తిడికి గురిచేసి వేడెక్కిస్తుంది. ఆ వేడి వాయువు కండెన్సర్ అనే గొట్టాల వరుసలో ప్రవహిస్తూ తన వేడిని గదిలోకి విడిచి ద్రవంగా మారుతుంది. ఆ ద్రవం క్యాపిలరీ అనే అతి సన్నని గొట్టం గుండా వెళ్ళి, ఒత్తిడి పడిపోగానే ఫ్రీజర్ దగ్గరి ఎవాపరేటర్ గొట్టాలలో ఆవిరవుతూ లోపలి వేడిని పీల్చుకుని, మళ్ళీ కంప్రెసర్‌కు చేరుతుంది. ఈ వలయం పూర్తిగా మూసి ఉంటుంది. దానికి వెలుపల చల్లదనాన్ని బట్టి కరెంటును ఆపి వదిలే థర్మోస్టాట్, కంప్రెసర్ మోటారును కదిలించే రిలే, మోటారు వేడెక్కితే కరెంటును తెంచే ఓవర్‌లోడ్ ప్రొటెక్టర్, తలుపు చుట్టూ ఉండే రబ్బరు పట్టీ వంటి చిన్న భాగాలుంటాయి.

మరమ్మతా, మార్పిడా అన్న నిర్ణయానికి ఈ విభజనే ఆధారం. వలయానికి వెలుపలి భాగాలు పాడైతే ఫ్రిజ్ పూర్తిగా చచ్చిపోయినట్టు కనిపించవచ్చు కానీ, వాటిలో చాలా భాగాలు తక్కువ ఖర్చుతో, ఇంటి దగ్గరే మార్చదగినవి. లోపల దీపం వెలుగుతూ, కంప్రెసర్ టక్కుమని శబ్దం చేసి ఆగిపోతూ ఉంటే రిలేనో, ఓవర్‌లోడ్ ప్రొటెక్టరో పాడై ఉండవచ్చు. వోల్టేజి తక్కువగా ఉన్నా, కంప్రెసర్ బిగుసుకుపోయినా ఇదే శబ్దం వస్తుంది కనుక, కంప్రెసర్ పోయిందన్న మాటను రిలే మార్చి చూడకుండా అంగీకరించరాదు. ఫ్రీజర్‌లో గడ్డ కడుతున్నా కింది అరలు చల్లబడకపోతే, మంచు పట్టని రకం ఫ్రిజ్‌లలో ఫ్యాన్‌నో, మంచు కరిగించే హీటర్‌నో ముందుగా పరీక్షించాలి. తలుపు రబ్బరు వదులై బయటి గాలి లోపలికి చేరుతున్నప్పుడు కూడా కంప్రెసర్ విరామం లేకుండా నడుస్తుంది. తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగినప్పుడు అది సునాయాసంగా జారివస్తే లోపం అక్కడే ఉన్నదని గ్రహించవచ్చు.

గ్యాస్ విషయంలో మరింత జాగ్రత్త అవసరం. మూసి ఉన్న వలయంలో గ్యాస్ వాడకం వల్ల తరిగిపోదు. తగ్గిందంటే ఎక్కడో చిల్లు పడిందని అర్థం. చిల్లు వెతికి పూడ్చకుండా, తేమను, చెత్తను పట్టే ఫిల్టరును మార్చకుండా గ్యాస్ మాత్రమే నింపించుకుంటే, ఆ ఖర్చు కొద్ది నెలల్లోనే మళ్ళీ తలమీదికి వస్తుంది. వెనుకవైపు బయటికి కనిపించే కండెన్సర్‌లో చిల్లు పడితే పూడ్చడం సాధ్యమే కానీ, ఇటీవలి ఫ్రిజ్‌లలో చాలావాటికి ఆ గొట్టాలు పక్క గోడల్లో, గట్టిపడిన నురుగు మధ్య దాగి ఉంటాయి కనుక అక్కడి చిల్లును సరిచేయడం చాలా కష్టం. పాత ఫ్రిజ్‌లలో వాడిన ఆర్-12 వాయువు ఓజోన్ పొరకు చేటు చేస్తుందని 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం దరిమిలా దశలవారీగా తొలగిపోగా, దాని స్థానంలో వచ్చిన ఆర్-134ఎ భూతాపాన్ని పెంచేది కావడంతో, నేటి ఇంటి ఫ్రిజ్‌లలో ఐసోబ్యూటేన్ అనే ఆర్-600ఎ విస్తృతంగా వాడుకలో ఉంది. ఇది మండే గుణమున్న వాయువు. కొన్ని పదుల గ్రాములే పడుతుంది, తూచి నింపాలి, మంటతో అతుకులు వేసేటప్పుడు శిక్షణ ఉన్న చేయి కావాలి. అందువల్ల ఈ పనిని చౌకగా చేస్తామన్నవారికి అప్పగించడం తగదు.

మొత్తం మీద, మరమ్మతు ఖర్చు అదే పరిమాణం గల కొత్త ఫ్రిజ్ ధరలో సగానికి మించి, పాతది పదేళ్ళు దాటి ఉంటే మార్చడమే మేలన్నది అనుభవజ్ఞులు పాటించే కొలమానం. ఐదారేళ్ళ ఫ్రిజ్‌కు వలయం వెలుపలి లోపం వస్తే బాగుచేయించుకోవడమే వివేకం.

మార్చక తప్పదని తేలాకనే కంపెనీ ప్రశ్నకు చోటు. తెలుగునాట ఒక తరం ఇళ్ళలో ఫ్రిజ్ అంటే ఆల్విన్ అనే పేరే ముందు వినిపించేది. నిజాం కాలంలో 1942లో మొదలైన హైదరాబాదు ఆల్విన్ సంస్థ ఫ్రిజ్‌లతోపాటు బస్సు బాడీలు, చేతి గడియారాలు కూడా తయారుచేసింది. దాని ఫ్రిజ్‌ల విభాగం 1990లలో వోల్టాస్ చేతికి వెళ్ళి, ఆ పేరు క్రమంగా అంగళ్ళ నుంచి కనుమరుగైంది. అదే దశకంలో కెల్వినేటర్ ఆఫ్ ఇండియా సంస్థను వర్ల్‌పూల్ కొన్నప్పుడు కర్మాగారం ఒకరి పాలై, కెల్వినేటర్ అనే పేరు ఎలక్ట్రోలక్స్‌కు దక్కి, ఆ తరువాత అది మరికొందరి చేతులు మారింది. వీడియోకాన్ వంటి పెద్ద పేరు 2018లో దివాలా ప్రక్రియలోకి వెళ్ళింది. వోల్టాస్ 2017లో టర్కీకి చెందిన ఆర్చెలిక్‌తో జతకట్టి వోల్టాస్ బెకో పేరుతో మళ్ళీ ఫ్రిజ్‌ల రంగంలోకి వచ్చింది. ఈ చరిత్ర చెప్పే నీతి ఒక్కటే: తలుపు మీది పేరు పాతదైనంత మాత్రాన లోపలి యంత్రం, దాని వెనుక నిలబడే సంస్థ పాతవి కానవసరం లేదు, పెద్దలు పాతికేళ్ళు వాడిన పేరును చూసి నేడు కొనడం ఆ పేరును కొనడమే అవుతుంది.

కంప్రెసర్ విషయంలో ఈ మాట మరింత నిజం. ఎల్‌జీ, శామ్‌సంగ్ వంటి కొన్ని సంస్థలు తమ కంప్రెసర్లను తామే తయారుచేసుకుంటుండగా, అనేక కంపెనీలు వాటిని బయటి తయారీదారుల నుంచి తెప్పించుకుంటాయి. హైదరాబాదు బాలానగర్‌లో కర్మాగారమున్న టెకుమ్సే, బ్రెజిల్‌లో పుట్టిన ఎంబ్రాకో అటువంటి తయారీ పేర్లు. ఒకే కంపెనీ రెండు మోడళ్ళలో రెండు తయారీల కంప్రెసర్లుండడం కూడా వింత కాదు. కాబట్టి ఫలానా కంపెనీ గట్టిదన్న మాట కన్నా ఫలానా మోడల్‌లో ఫలానా కంప్రెసర్ ఉన్నదన్న సమాచారమే విలువైనది. దుకాణంలో ఫ్రిజ్‌ను వెనక్కి తిప్పి చూపమని అడగడానికి కొనేవారు మొహమాటపడనక్కరలేదు.

పాత ఫ్రిజ్‌లు ముప్పై ఏళ్ళు నడిచేవి, కొత్తవి పదేళ్ళకే పోతున్నాయన్న మాటను కూడా నిదానంగా తూచాలి. ముప్పై ఏళ్ళు నడిచినవి నేటికీ కళ్ళెదుట ఉంటాయి, మధ్యలో పోయినవి పాత ఇనుముకు వెళ్ళి జ్ఞాపకం నుంచి తొలగిపోతాయి. మిగిలినవాటిని మాత్రమే చూసి అన్నీ అలాంటివేననుకోవడం లెక్కలో పొరపాటు. అయినా ఆ మాటలో సత్యాంశం లేకపోలేదు: నాటి యంత్రంలో భాగాలు తక్కువ, ఎలక్ట్రానిక్ బోర్డులు లేవు, పాడైన భాగాన్ని ఏ ఊరి మెకానిక్ అయినా మార్చగలిగేవాడు. నేటి ఎంపికలో ఈ గుణాన్ని ఎంతవరకు నిలుపుకోవచ్చునో చూడడమే వివేకవంతమైన పని.

ఈ దృష్టితో చూస్తే ఫ్రిజ్‌లు ప్రధానంగా రెండు రకాలు. ఒకే తలుపుతో వచ్చే డైరెక్ట్ కూల్ రకంలో చల్లదనం సహజంగా వ్యాపిస్తుంది, ఫ్రీజర్‌లో పేరుకునే మంచును అప్పుడప్పుడు కరిగించాలి, భాగాలు తక్కువ కనుక చెడేవీ తక్కువ. ఫ్రాస్ట్ ఫ్రీ అనే మంచు పట్టని రకంలో ఫ్యాన్, హీటర్, సెన్సర్లు అదనంగా ఉంటాయి. సౌకర్యంతోపాటు మరమ్మతు అవసరమయ్యే అవకాశమూ పెరుగుతుంది. ఇక ఇన్వర్టర్ కంప్రెసర్ అంటే అవసరాన్ని బట్టి వేగం మార్చుకుంటూ నడిచేది. మాటిమాటికీ ఆగి మొదలయ్యే ఒరిపిడి ఉండదు, శబ్దం, కరెంటు ఖర్చు తగ్గుతాయి. అయితే దాన్ని నడిపే బోర్డు వోల్టేజి ఎగుడుదిగుడులకు, పిడుగుల వేళ వచ్చే కరెంటు పోటుకు సున్నితంగా ఉంటుంది, దాని ధర కూడా ఎక్కువే. నలుగురున్న కుటుంబానికి 250 లీటర్ల ప్రాంతంలోని ఫ్రిజ్ సాధారణంగా సరిపోతుంది. తలుపులో నీళ్ళ యంత్రం, తెర, ఇంటర్నెట్ అనుసంధానం వంటివి ధరను పెంచినట్టు మన్నికను పెంచవు.

వాతావరణమూ లెక్కలోకి రావాలి. అంతర్జాతీయ ప్రమాణాల ప్రకారం ఫ్రిజ్‌లను వాతావరణ తరగతులుగా విభజించారు. వాటిలో ‘ఎన్’ తరగతి 32 డిగ్రీల సెల్సియస్ వరకు, ‘ఎస్‌టి’ 38 వరకు, ‘టి’ 43 వరకు గది ఉష్ణోగ్రతలో పనిచేయడానికి ఉద్దేశించినవి. రెంటచింతల, రామగుండం ప్రాంతాల వేసవిని తలచుకుంటే, ఉష్ణమండలానికి ఉద్దేశించిన ‘టి’ తరగతి తప్ప మరొకటి ఎంచుకోరాదని స్పష్టమవుతుంది. ఈ అక్షరం సాధారణంగా లోపలి గోడ మీదనో, వెనుకనో అతికించిన పట్టీపై కనిపిస్తుంది. విశాఖపట్నం, మచిలీపట్నం వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి గొట్టాలను, అడుగు రేకును తుప్పు పట్టిస్తుంది కనుక, కొనదలచిన మోడల్ అక్కడి ఇళ్ళలో నాలుగైదేళ్ళుగా నడుస్తుంటే దాని అడుగుభాగం ఎలా ఉన్నదో చూసి కొనడం ఉత్తమం.

కంపెనీని పరీక్షించడానికి అసలైన మార్గం కొనేవారు ఉంటున్న ఊళ్ళోనే ఉంది. అన్ని కంపెనీల ఫ్రిజ్‌లనూ బాగుచేసే మెకానిక్‌లను ఇద్దరు ముగ్గురిని విడివిడిగా కలిసి, ఏ కంపెనీ బోర్డులు, ఫ్యాన్లు, రబ్బరు పట్టీలు సులభంగా దొరుకుతాయో, ఏ మోడళ్ళు గోడలోపలి గ్యాస్ లీకులతో తరచుగా వస్తాయో అడగాలి. అమ్మే మనిషికి అమ్మకం మీద కమీషన్ ఉంటుంది. బాగుచేసే మనిషికి ఏది ఎందుకు చెడుతుందో తెలుసు. ఆపైన అధికారిక సర్వీసు కేంద్రం ఎంత దూరంలో ఉన్నదో విచారించాలి. మహానగరంలో మంచిదనిపించుకున్న కంపెనీ మండల కేంద్రంలో నిరుపయోగం కావచ్చు.

వారంటీ పత్రాన్ని కొనకముందే చదవాలి. పదేళ్ళ వారంటీ అని పెద్ద అక్షరాలలో కనిపించేది చాలా సందర్భాల్లో కంప్రెసర్‌కు మాత్రమే వర్తిస్తుంది. మొత్తం యంత్రానికి సాధారణంగా ఒక ఏడాదే ఉంటుంది. కంప్రెసర్ ఉచితమైనా గ్యాస్, కూలి, రవాణా ఖర్చులు కొనుగోలుదారు మీద పడవచ్చు కనుక ఆ మూడింటి సంగతి రాతలో చూసుకోవాలి.

కరెంటు పొదుపును సూచించే నక్షత్రాల పట్టీ విషయంలోనూ వివరంగా చూడడం మంచిది. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ ఈ పట్టీలను నిర్ణయిస్తుంది. ప్రమాణాలు కొన్నేళ్ళకోసారి కఠినమవుతాయి కనుక పాత ఐదు నక్షత్రాలు, కొత్త ఐదు నక్షత్రాలు సమానం కావు. పట్టీ మీద ఉన్న కాలావధిని, ఏడాది వాడకం యూనిట్లను చూడాలి. రెండు ఫ్రిజ్‌ల మధ్య ఏడాదికి 80 యూనిట్ల తేడా ఉండి, యూనిట్ 6 రూపాయలనుకుంటే, ఏడాదికి 480, పదేళ్ళకు 4,800 రూపాయలు ఆదా అవుతాయి. ధరల తేడా అంతకు మించితే ఎక్కువ నక్షత్రాల కోసం వెచ్చించిన అదనపు సొమ్ము తిరిగి రాదు.

కొన్న తరువాత మన్నికలో సగం వాడేవారి చేతిలోనే ఉంటుంది. రవాణాలో పడుకోబెట్టి ఉంటే, కంప్రెసర్ నూనె తన స్థానానికి దిగే వరకు కొన్ని గంటలు నిలబెట్టి ఉంచి ఆ తరువాతే కరెంటు ఇవ్వాలి. పొయ్యి పక్కన కాకుండా, గోడకు కొంత ఎడంగా నిలపాలి; కండెన్సర్ బయటికి ఉంటే దానిపై దుమ్మును దులుపుతుండాలి. వోల్టేజి నిలకడలేని ఊళ్ళలో స్టెబిలైజర్ అమర్చుకోవాలి. కరెంటు పోయి వచ్చినప్పుడు వలయంలో ఒత్తిడి సర్దుకోవడానికి మూడు నుంచి ఐదు నిమిషాల విరామం ఇచ్చే స్టెబిలైజర్‌నే ఎంచుకోవాలి.

పాత ఫ్రిజ్‌ను రోడ్డు పక్క పారేయడం, గొట్టాలు కోసి గ్యాస్‌ను గాలిలోకి వదిలేవారికి అప్పగించడం తగదు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు ఫ్రిజ్‌లకూ వర్తిస్తాయి. అనుమతి పొందిన రీసైక్లర్‌కు చేరేలా చూడడం గృహస్థుల వంతు. కొత్తది చెడి కంపెనీ స్పందించకపోతే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915కు ఫోన్ చేయవచ్చు, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. అందుకు బిల్లు, వారంటీ కార్డు, సర్వీసుకు వచ్చిన ప్రతిసారి ఇచ్చిన రసీదు భద్రపరచి ఉండాలి.

కాబట్టి చిరంజీవి కొనవలసినది ఊళ్ళో విడిభాగాలు దొరికే, మెకానిక్ నమ్మకంగా మాట్లాడే, అదనపు హంగులు తక్కువగా ఉన్న, ‘టి’ తరగతికి చెందిన మధ్యశ్రేణి ఫ్రిజ్. అటువంటివి రెండు మూడు కంపెనీల్లో దొరికితే, సర్వీసు కేంద్రం దగ్గరలో ఉన్నదే ఉత్తమమైనది.

ఇట్లు,
శ్రేయోభిలాషి