కమల మహలు చెప్పు పాఠము

మన కంటోన్మెంటులోని తల్లిదండ్రులు తఱచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు: "ఇంట తెలుగు, వీధిలో కన్నడము, ఈ రెంటి నడుమ మా బిడ్డ దేనియందును నిలదొక్కుకొనలేక పోవునేమో?" సమాధానము చెప్పుటకు ముందు, మనకు సుమారు 60 కిలోమీటర్ల దూరమున హంపిలోనున్న యొక భవనమును పరిశీలింతము. 2021 వఱకు హంపి మన బళ్లారి జిల్లాలోనిదే. ఇప్పుడు విజయనగర జిల్లాలో చేరియున్నది.

హంపిలోని రాజగృహములలో పెక్కింటికి నేడు రాతి అరుగులు మాత్రమే మిగిలినవి. వాని పైభాగములు కొయ్యతో కట్టబడినవి. 1565లో విజయనగర సైన్యము ఓడిపోయిన పిదప నగరము కొల్లగొట్టబడినది, కొయ్యకట్టడములు నశించినవి. కాని అంతఃపుర ప్రాకారములోని కమల మహలు నేటికిని నిలిచియున్నది. ఈ రెండంతస్తుల మేడ గోడలును కప్పులును ఇటుకతో, సున్నముతో కట్టబడినవి. కప్పును మోయుటకు కొయ్య దూలముల అవసరము లేకుండ కమానులు అమర్చబడినవి.

కమాను పని యెట్టిది? మన దేవాలయములలో రెండు స్తంభములపై ఒక రాతి దూలమును పరతురు. దూలము పొడవైనకొలది నడుమ విఱుగు భయము హెచ్చును. కమానులో ఇటుకలు వంపుగా పేర్చబడి, ఒకదాని నొకటి నొక్కి పట్టుకొనును. పైబరువు ఇరుప్రక్కలకు జాఱి స్తంభములలోనికి దిగును. ఈ పద్ధతి దక్కను సుల్తానుల కట్టడములలో బాగుగా వాడుకలో నుండెను.

అయినను కమల మహలును సుల్తానుల భవనమని యెవరును పొరబడరు. క్రింది అధిష్ఠానము దేవాలయపు అధిష్ఠానమే. పైని మెట్లు మెట్లుగా లేచిన శిఖరములు దేవాలయ విమానములను బోలినవి. గచ్చుపనిలో లతలును పక్షులును తీర్పబడినవి. నడుమ మాత్రము ఱేకులు దేఱిన కమానులు. తన విద్యను చక్కగా నెఱిగిన శిల్పి గనుకనే, పొరుగు విద్యను గ్రహించియు తన రూపమును పోగొట్టుకొనలేదు.

ఇచ్చిపుచ్చుకొనుట ఒకవైపు మాత్రమే జరుగలేదు. ఆ నగరమందే రెండవ దేవరాయల కొలువులోని అహమ్మదు ఖాను 1439లో ఒక మసీదు కట్టించెను. దానిలో కమానులకు మాఱుగా దేవాలయ మండపమువలె స్తంభములును దూలములును కలవు. దాని శాసనము కన్నడములో నున్నది. కట్టడము ధర్మశాలయని అందు చెప్పబడినది.

ఇక మన ప్రశ్నకు వత్తము. 1953 అక్టోబరు 1న బళ్లారి మైసూరు రాష్ట్రమున చేరినది మొదలు, ఇచ్చటి తెలుగు బిడ్డకు కన్నడము పొరుగు భాష మాత్రమే కాదు, బ్రతుకుతెరువు భాష కూడ. దానిని శ్రద్ధగా నేర్వవలసినదే. కాని అధిష్ఠానము లేక కమాను నిలువదు. బిడ్డ తాను చూచినదానిని మొదట తల్లి భాషలో తడబడక చెప్పగలిగినచో, రెండవ భాష దానిపై సులభముగా లేచును.

కావున తల్లిదండ్రులకు నా మనవి యిది. సెలవులలో పిల్లలను హోస్పేట మీదుగా హంపికి తీసికొనిపొండు. కమల మహలు ముందు నిలిపి, ఏ భాగము దేవాలయమును బోలినదో, ఏ భాగము వేఱో వారినే గుర్తింపనిండు. ఇంటికి వచ్చిన పిమ్మట ఆ మేడ పటమును గీయించి, దానిని గూర్చి పది వాక్యములు తెలుగులోను, పది వాక్యములు కన్నడములోను వ్రాయింపుడు. ఆ రెండు పుటలను మీరే చదివి చూడుడు. మీ ప్రశ్నకు సమాధానము నాకంటె మీ బిడ్డయే బాగుగా చెప్పగలదు.