పాఠం 18: పురుష ప్రత్యుత్పత్తి వ్యవస్థ

గత పాఠంలో మీరు విసర్జన వ్యవస్థ గురించి తెలుసుకున్నారు. మూత్రాన్ని బయటికి పంపే ప్రసేకం మగవారిలో మరొక పని కూడా చేస్తుంది. ఆ పని ఏమిటో ఈ పాఠంలో చూద్దాం.

ఈ అవయవాల గురించి మాట్లాడటానికి మనలో చాలామంది సిగ్గుపడతాం. ఆ సిగ్గు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. పిల్లలు కలగకపోతే లోపం భార్యదే అంటారు. వరుసగా ఆడపిల్లలు పుడితే కోడలిని నిందిస్తారు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకుంటే మగవాడు బలహీనపడతాడంటారు. ఈ మూడు మాటల్లో నిజం ఎంతో పాఠం పూర్తయ్యేసరికి మీరే చెప్పగలుగుతారు.

ఉద్దేశ్యాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• పురుష ప్రత్యుత్పత్తి అవయవాలను, వాటి పనులను వివరించగలుగుతారు.
• శుక్రకణం ప్రయాణించే మార్గాన్ని వరుసగా చెప్పగలుగుతారు.
• వ్యవహారంలో ఉన్న అపోహలను కారణాలతో ఖండించగలుగుతారు.

18.1 ముష్కాలు

మగవారిలో రెండు ముష్కాలు ఉంటాయి. వాడుకలో వీటిని వృషణాలు, బీజాలు అని కూడా అంటారు. ఇవి పొట్ట వెలుపల ముష్కగోణి అనే చర్మపు సంచిలో ఉంటాయి. ఎందుకు?

మన శరీర ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెల్సియస్. శుక్రకణాలు సరిగా తయారు కావాలంటే అంతకంటే 2 నుండి 3 డిగ్రీలు తక్కువ వేడి ఉండాలి. చన్నీళ్ళు పోసుకున్నప్పుడు ఈ సంచి ముడుచుకొని పైకి పోతుంది. ఎండాకాలంలో వదులై కిందికి జారుతుంది. ఈ విధంగా ముష్కాలకు తగిన వేడి అందుతుంది.

ముష్కాలు రెండు పనులు చేస్తాయి. వాటిలోని సన్నని శుక్రోత్పాదక నాళికలలో శుక్రకణాలు తయారవుతాయి. ఒక శుక్రకణం తయారు కావటానికి సుమారు 70 రోజులు పడుతుంది. నాళికల మధ్య ఉన్న కణాలు టెస్టోస్టిరాన్ అనే హార్మోనును తయారుచేస్తాయి. ఇది నేరుగా రక్తంలో కలుస్తుంది. యుక్తవయస్సులో గడ్డం, మీసం రావటం, గొంతు మారటం, కండలు పెరగటం దీని ప్రభావమే.

18.2 శుక్రకణం ప్రయాణం

ముష్కం నుండి శుక్రకణాలు మొదట ఎపిడిడిమిస్‌లోకి చేరతాయి. ముష్కానికి అంటుకొని చుట్టలు చుట్టుకున్న ఈ నాళాన్ని సాగదీస్తే సుమారు 6 మీటర్ల పొడవు ఉంటుంది. శుక్రకణాలు ఇక్కడే పక్వం చెంది, ఈదే శక్తిని పొందుతాయి.

అక్కడి నుండి శుక్రవాహిక వాటిని పొత్తికడుపులోకి తీసుకుపోతుంది. దారిలో మూడు రకాల గ్రంథులు ద్రవాలను చేరుస్తాయి. శుక్రాశయాల ద్రవంలోని ఫ్రక్టోజ్ అనే చక్కెర శుక్రకణాలకు శక్తినిస్తుంది. పౌరుష గ్రంథి స్రావం వాటి కదలికకు తోడ్పడుతుంది. కౌపర్ గ్రంథుల జిగట ద్రవం ప్రసేకాన్ని ముందుగా శుభ్రపరుస్తుంది. ఈ ద్రవాలు, శుక్రకణాలు కలిసినదే వీర్యం. అది ప్రసేకం ద్వారా పురుషాంగం నుండి బయటికి వస్తుంది. ఆ సమయంలో మూత్రాశయం ముఖద్వారం మూసుకుంటుంది. కనుక మూత్రం, వీర్యం కలవవు.

వీర్యంలో అధిక భాగం గ్రంథుల ద్రవమే. ఒకసారి వెలువడే వీర్యంలో కోట్ల సంఖ్యలో శుక్రకణాలున్నా, వాటిలో ఒక్కటే అండంతో కలుస్తుంది.

18.3 అపోహలు – నిజాలు

“ఆడపిల్లలు పుట్టటం తల్లి లోపం.” అండంలో ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే ఉంటుంది. శుక్రకణాలలో సుమారు సగం ఎక్స్‌ను, సగం వై‌ను మోసుకువస్తాయి. ఎక్స్ కలిస్తే ఆడపిల్ల, వై కలిస్తే మగపిల్లవాడు. అంటే తేడా తెచ్చేది తండ్రి కణం. ఏది కలుస్తుందనేది తండ్రి చేతిలో కూడా లేదు. కనుక నిందించవలసినవారు ఎవరూ లేరు.

“పిల్లలు కలగకపోవటానికి కారణం భార్య.” ఇటువంటి జంటలలో దాదాపు సగం మందిలో పురుషుడి లోపం పూర్తిగానో, కొంతవరకో కారణంగా ఉంటుంది. వీర్య పరీక్షకు కోత, సూది అవసరం లేదు. భార్యకు పరీక్షలు చేయించేటప్పుడే భర్త కూడా చేయించుకోవాలి.

“వాసెక్టమీతో మగతనం పోతుంది.” ఈ ఆపరేషన్‌లో శుక్రవాహికలను కత్తిరించి మూసివేస్తారు. టెస్టోస్టిరాన్ వెళ్ళేది రక్తం ద్వారా, శుక్రవాహిక ద్వారా కాదు. కనుక బలం, కోరిక తగ్గవు. అయితే నాళంలో మిగిలిన శుక్రకణాలు పోయేవరకు, సుమారు మూడు నెలలు, వేరే గర్భనిరోధక పద్ధతి పాటించి, ఆపై పరీక్షతో నిర్ధారించుకోవాలి. ట్యూబెక్టమీ కంటే ఇది చిన్న ఆపరేషన్. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, 15–49 ఏళ్ళ వివాహిత స్త్రీలలో నూటికి సుమారు 38 మంది ట్యూబెక్టమీ మీద ఆధారపడ్డారు. భర్త వాసెక్టమీ మీద ఆధారపడినవారు నూటికి ఒకరు కూడా లేరు. ఆలోచించండి.

“నిద్రలో వీర్యం పోతే నీరసం వస్తుంది.” యుక్తవయస్సులో ఇది సహజం. వీర్యం నిరంతరం తయారవుతూనే ఉంటుంది. రక్తం తరిగి వీర్యంగా మారదు. గోడల మీది ప్రకటనలు చూసి లాడ్జీల్లో మకాం వేసేవారికి డబ్బు పోయవద్దు.

18.4 డాక్టరును ఎప్పుడు కలవాలి?

• మగబిడ్డకు ఆరు నెలలు నిండినా ముష్కం సంచిలోకి దిగకపోతే.
• ముష్కంలో నొప్పి లేని గడ్డ తగిలితే.
• ముష్కంలో హఠాత్తుగా తీవ్రమైన నొప్పి వస్తే. ముష్కం మెలిపడి రక్తప్రసరణ ఆగి ఉండవచ్చు. ఆరు గంటలలోపు చికిత్స జరిగితే దానిని కాపాడే అవకాశం ఎక్కువ. సిగ్గుతో తెల్లవారేదాకా ఆగవద్దు.

పాఠ్యాంశ ప్రశ్నలు

1. శుక్రకణాలు పక్వం చెందే నాళం ...........
2. మగపిల్లవాడు పుట్టాలంటే శుక్రకణంలో ........... క్రోమోజోము ఉండాలి.
3. వాసెక్టమీలో కత్తిరించేది ...........
4. వాసెక్టమీ తరువాత గడ్డం, మీసం ఎందుకు మారవు? రెండు వాక్యాలలో రాయండి.

జవాబులు: 1. ఎపిడిడిమిస్. 2. వై. 3. శుక్రవాహిక. 4. టెస్టోస్టిరాన్ ముష్కాల నుండి నేరుగా రక్తంలో కలుస్తుంది. శుక్రవాహికను కత్తిరించినా ఆ హార్మోను అందటం ఆగదు.