మౌనంగా చేసే అడవి స్నానం

"రోజూ గంటసేపు నడుస్తున్నాం. ఉప్పు తగ్గించాం. వేళకు మాత్రలు వేసుకుంటున్నాం. అయినా రాత్రి నిద్ర పట్టదు, చిన్న మాటకే కోపం వస్తుంది, గుండె దడగా ఉంటుంది. ఎందుకు?" మీకూ ఈ ప్రశ్న ఉంటే ఈ వారం పాఠం మీ కోసమే.

మీ నడకను ఒకసారి గుర్తు చేసుకోండి. చెవి దగ్గర ఫోను, పక్కనున్న వారితో ధరల గురించి చర్చ, రోడ్డు మీద బస్సుల పొగ. ఇంటికి వచ్చేసరికి కాళ్లకు వ్యాయామం అయింది. మనస్సుకు మాత్రం విశ్రాంతి దొరకలేదు. యూనానీ వైద్యం దృష్టిలో ఇవి రెండూ వేర్వేరు అవసరాలు. ఒకటి తీరితే రెండవది తీరినట్టు కాదు.

ఆరు తప్పనిసరి అవసరాలు

ఆరోగ్యం నిలవాలంటే ఆరు విషయాలు సమతూకంలో ఉండాలని యూనానీ చెబుతుంది. వీటిని అస్బాబె సిత్తా జరూరియా అంటారు. అవి: గాలి; ఆహార పానీయాలు; శరీరం కదలిక, విశ్రాంతి; మనస్సు కదలిక, విశ్రాంతి; నిద్ర, మెలకువ; శరీరంలో ఉండవలసినవి ఉండటం, పోవలసినవి పోవటం.

ఇబ్నె సీనా (980-1037) తన 'అల్ ఖానూన్ ఫిత్తిబ్' గ్రంథంలో గాలికి చాలా ప్రాముఖ్యం ఇచ్చాడు. మనం పీల్చే గాలి రెండు పనులు చేస్తుందన్నాడు. లోపలి వేడిని అదుపులో ఉంచటం మొదటిది (తాదీల్). అక్కరలేని ఆవిరిని బయటికి పంపి శుద్ధి చేయటం రెండవది (తన్‌ఖియా). గుంటల్లో నిలిచిన నీటి ఆవిరి, కుళ్లు వాసన కలవకుండా ధారాళంగా వీచే గాలే మంచి గాలి అని కూడా చెప్పాడు.

మనస్సు కదలికల గురించి ఈ వైద్యం చెప్పే మాట ఆసక్తికరమైనది. కోపం (ఘజబ్) వస్తే రూహ్, దానితోపాటు వేడి ఒక్కసారిగా బయటివైపు పరుగెత్తుతాయి. అందుకే ముఖం ఎర్రబడుతుంది. భయం (ఖౌఫ్) వస్తే ఒక్కసారిగా లోపలికి పోతాయి. చేతులు చల్లబడతాయి. దుఃఖం (ఘమ్) వాటిని మెల్లగా లోపలికి లాగుతుంది. సంతోషం (ఫరహ్) మెల్లగా బయటికి తెస్తుంది. రోజంతా కోపం, భయం, దిగులు మధ్య ఊగే మనిషికి లోపల నిలకడ ఉండదు. ఆ నిలకడ తిరిగి రావటానికి కొంతసేపు ఏ ఒత్తిడీ లేని చోటు కావాలి.

జపాన్‌లో ఏం చేశారు?

1982లో జపాన్ ప్రభుత్వ అటవీ శాఖ 'షిన్‌రిన్ యోకు' అనే మాటను ప్రచారంలోకి తెచ్చింది. షిన్‌రిన్ అంటే అడవి, యోకు అంటే స్నానం. ఇందులో నీళ్లు ఉండవు. చెట్ల మధ్య నెమ్మదిగా తిరుగుతూ, కూర్చుంటూ, అక్కడి గాలిని, వెలుగును, వాసనను, చప్పుళ్లను ఒంటికి, మనస్సుకు పట్టించుకోవటమే ఈ స్నానం.

తరువాత అక్కడి శాస్త్రవేత్తలు దీన్ని పరీక్షించారు. 24 అడవులలో 280 మంది యువకులతో చేసిన పరిశీలన ఫలితాలు 2010లో వెలువడ్డాయి. నగరంలో ఉన్నప్పటికంటే అడవిలో ఉన్నప్పుడు వారి నాడి వేగం, రక్తపోటు, ఒత్తిడిలో పెరిగే కార్టిసాల్ అనే హార్మోను తక్కువగా ఉన్నట్టు తేలింది. ఇంగ్లండులో దాదాపు 20 వేల మంది వివరాలు చూసి 2019లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, వారానికి 120 నిమిషాలు ప్రకృతిలో గడిపేవారు తమ ఆరోగ్యం బాగుందని ఎక్కువగా చెప్పారు. ఆ సమయాన్ని ఒకేసారి గడిపినా, కొంచెం కొంచెంగా గడిపినా తేడా కనిపించలేదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. జపాన్ పరీక్షలో పాల్గొన్నది ఆరోగ్యంగా ఉన్న యువకులు. రెండవ అధ్యయనంలో, ఆరోగ్యం బాగున్నవారే బయట ఎక్కువ తిరుగుతూ ఉండవచ్చు. కాబట్టి అడవి స్నానం బి.పి.ని, షుగరును నయం చేస్తుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఇది మందుకు తోడు, మందుకు బదులు కాదు.

ఎలా చేయాలి?

1. భారీ భోజనం చేసి వెళ్లవద్దు, పరగడుపున కూడా వద్దు. తేలికగా ఏదైనా తిని వెళ్లండి.

2. లోపలికి అడుగు పెట్టేముందు ఫోను శబ్దం ఆపి సంచిలో పెట్టండి. ఫోటోలు కూడా వద్దు.

3. మొదటి ఐదు నిమిషాలు ఒకచోట నిలబడి ముక్కుతో మెల్లగా గాలి పీల్చి, అంతకంటే మెల్లగా వదలండి.

4. తరువాత నడవండి. గంటలో ఒక కిలోమీటరు దాటకపోయినా నష్టం లేదు. చెమట పట్టించటం ఇక్కడ మన ఉద్దేశం కాదు.

5. ఒక్కొక్క ఇంద్రియానికి కొంత సమయం ఇవ్వండి. కొంతసేపు వినటం మాత్రమే. కొంతసేపు ఆకుల రంగుల తేడాలు చూడటం మాత్రమే. తరువాత బెరడును చేత్తో తాకటం, మట్టి వాసన చూడటం.

6. అప్పు, పిల్ల పెళ్లి, ఆఫీసు గొడవ గుర్తుకు వస్తాయి, సహజమే. వాటితో పోట్లాడవద్దు. "ఇది దిగులు", "ఇది కోపం" అని గుర్తించి, మళ్లీ ఎదుటి చెట్టు మీదికి దృష్టి తేండి.

7. చివర పదిహేను నిమిషాలు కదలకుండా కూర్చోండి.

ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లవచ్చు. ఆడవారికి అదే మంచిది కూడా. ఒకరికొకరు కనిపించేంత దూరంలో నడుస్తూ, మాటలు తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి.

మీ మిజాజ్‌ను బట్టి

వేడి, పొడి తత్వం (సఫ్రావీ) ఉన్నవారు తెల్లవారగానే వెళ్లి ఎండ ముదరకముందే తిరిగి రావాలి. వేడి, తేమ తత్వం (దమవీ) వారికీ ఉదయమే మంచిది. చలువ, తేమ తత్వం (బల్గమీ) వారు మంచు, తడి తగ్గాక వెళ్లి, కూర్చోవటం తగ్గించి నడక కొంచెం పెంచాలి. చలువ, పొడి తత్వంతో ఎప్పుడూ ఆలోచనల్లో మునిగేవారు (సౌదావీ) ఒంటరిగా వెళ్లవద్దు. కళ్లు మూసుకుని కూర్చోవటం కంటే పక్షులను చూడటం, వినటం వారికి మేలు.

ఎక్కడ?

పెద్ద అడవి అక్కరలేదు. బెంగళూరు వారికి 1870లో ఏర్పడిన కబ్బన్ పార్కు, 240 ఎకరాల లాల్‌బాగ్ ఉన్నాయి. ముంబయి, భివండి వారికి బోరివలిలోని సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం ఉంది. రోజంతా మరమగ్గాల చప్పుడులో ఉండే చెవులకు వారానికి ఒక ఉదయం నిశ్శబ్దం చాలా అవసరం. యానాం వారికి కోరంగి మడ అడవులు దగ్గరే. చెన్నై, బరంపురం, సోలాపూర్ వారు వేప, మర్రి, చింత చెట్లు గుంపుగా ఉన్న ఏ తోటనైనా ఎంచుకోవచ్చు. వేళలు, అనుమతులు ముందే కనుక్కోండి. పులులు, ఏనుగులు, ఎలుగుబంట్లు తిరిగే అడవిలోకి కాలినడకన వెళ్లవద్దు.

తప్పనిసరి జాగ్రత్తలు

కర్ణాటక మలెనాడు ప్రాంతంలో పిడుదుల ద్వారా కోతి జ్వరం వస్తుంది. దీన్ని 1957లో శివమొగ్గ జిల్లా క్యాసనూరు అడవిలో గుర్తించారు. డిసెంబరు నుంచి మే వరకు ఎక్కువ. ఆ రోజుల్లో అక్కడి అడవికి వెళ్లకపోవటమే మంచిది. ఎక్కడికి వెళ్లినా నిండు చేతుల చొక్కా, బూట్లు వేసుకోండి. ఆకుల కుప్పల మీద కూర్చోవద్దు. ఇంటికి రాగానే స్నానం చేసి, ఒంటికి ఏమైనా పట్టి ఉన్నాయేమో చూసుకోండి. తరువాతి రెండు వారాల్లో జ్వరం వస్తే అడవికి వెళ్లిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.

షుగరు ఉన్నవారు బెల్లం ముక్కో, గ్లూకోజో జేబులో ఉంచుకోవాలి. ఉబ్బసం ఉన్నవారు ఇన్‌హేలర్ మరచిపోవద్దు. పూత కాలంలో ఆయాసం పెరిగితే మానుకోండి.

నాడి చూసుకోండి

మేలు కలుగుతోందో లేదో మీరే తెలుసుకోవచ్చు. బయలుదేరే ముందు ఐదు నిమిషాలు కూర్చుని, మణికట్టు దగ్గర నాడి (నబ్జ్) ఒక నిమిషం లెక్కపెట్టి రాసుకోండి. అడవి స్నానం చివర కూర్చున్నాక మళ్లీ లెక్కపెట్టండి. ఆ రాత్రి ఎన్ని గంటలు నిద్ర పట్టిందో కూడా రాయండి. ఒక్క రోజు అంకె చూసి ఏమీ తేల్చవద్దు. వారానికి రెండు గంటల చొప్పున నాలుగు వారాలు చేసి చూడండి. విశ్రాంతిలో కూడా నాడి 100 దాటుతూ ఉంటే, ఛాతీలో నొప్పి ఉంటే, దిగులుతో బతకాలనే ఆశ తగ్గుతున్నట్టు అనిపిస్తే నాలుగు వారాలు ఆగవద్దు, వెంటనే డాక్టరును కలవండి.

యూనానీ సలహా కోరేవారికి బెంగళూరులో జాతీయ యూనానీ వైద్య సంస్థ, చెన్నై, ముంబయి, ఒడిశాలోని భద్రక్‌లలో ప్రభుత్వ యూనానీ పరిశోధన సంస్థలు ఉన్నాయి. వెళ్లేటప్పుడు మీరు వాడే మాత్రల చీటీ, మీరు రాసుకున్న నాడి, నిద్ర లెక్కలు వెంట తీసుకెళ్లండి. హకీమ్‌కు ఆ కాగితం ఎంతో ఉపయోగపడుతుంది.