ఈగ ఎలా వింటుంది?

ఈగ అనగానే మనకు గుర్తొచ్చేది మురికి. అన్నం పళ్ళెం మీద వాలితే చేత్తో తోలేస్తాం, అంతే. కాని దివ్య ఖుర్ఆన్ 'అల్ హజ్' సూరా 73వ ఆయత్‌లో ఆ ఈగనే ఉపమానంగా తీసుకుంది. అల్లాహ్‌ను వదలి ప్రజలు మొరపెట్టుకునే వారంతా ఏకమైనా ఒక్క ఈగను సయితం పుట్టించలేరన్నది అక్కడి భావం. ఈ ఉపమానం బరువు తెలియాలంటే ఈగకున్న ఒక్క ఇంద్రియాన్ని పరిశీలించినా చాలు. వినికిడినే తీసుకుందాం.

మీసాలే చెవులు

మాగిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న పండుఈగకు మనకున్నట్లు కర్ణభేరి లేదు. దాని తల ముందు రెండు పొట్టి మీసాలుంటాయి. ఒక్కోదానికి ఈకలాంటి వెంట్రుక ఉంటుంది. శబ్దం వల్ల గాలి కదిలితే ఆ వెంట్రుక ఊగుతుంది. దానితోపాటు మీసంలోని మూడో కణుపు అటూ ఇటూ తిరుగుతుంది. రెండో కణుపులో ఉన్న సుమారు 500 నాడీకణాలు ఆ కదలికను పసిగట్టి మెదడుకు చేరవేస్తాయి. దీనిని 'జాన్‌స్టన్ అవయవం' అంటారు. క్రిస్టఫర్ జాన్‌స్టన్ అనే వైద్యుడు 1855లో దోమ విషయంలో దీనిని వర్ణించాడు. మగ పండుఈగ ఒక రెక్క చాచి ఆడించి చేసే శబ్దాన్ని ఆడఈగ ఈ మీసాలతోనే వింటుంది. అయితే ఈ వినికిడి అతి దగ్గరి శబ్దాలకే పనికొస్తుంది.

అర మిల్లీమీటరు ఎడంలో

మరి దూరపు శబ్దం వినవలసిన ఈగ మాటేమిటి? అమెరికాలో 'ఆర్మియా ఒక్రేషియా' అనే ఈగ ఉంది. చీకట్లో కూసే మగ కీచురాయిని ఆడఈగ ఆ కూతను బట్టే వెతికి పట్టుకొని, దానిపై తన పిల్లపురుగులను వదులుతుంది. అవి కీచురాయి లోపలికి దూరి దాన్ని తిని పెరుగుతాయి. కూత ఏ దిక్కు నుండి వస్తుందో తెలియకపోతే ఈ ఈగ సంతతే ఉండదు.

మనకు రెండు చెవుల మధ్య తల అంత ఎడం ఉంది. అందుకే ఒక చెవికి ముందు, మరో చెవికి కాస్త వెనుక శబ్దం చేరుతుంది. ఈ ఈగకు మెడ కింద ఉన్న రెండు కర్ణభేరుల మధ్య ఎడం అర మిల్లీమీటరే! శబ్దం చేరే తేడా సెకనులో పది లక్షల వంతులో ఒకటిన్నర మాత్రమే. కాని ఆ రెంటినీ కలుపుతూ తక్కెడ కాడలాంటి చిన్న వంతెన ఉంది. ఒకవైపు శబ్దం తాకగానే అది ఒరిగి, ఆ స్వల్ప తేడాను ముప్పై రెట్లకు పైగా పెంచుతుంది. మైల్స్, రాబర్ట్, హోయ్ అనే పరిశోధకులు 1995లో దీనిని వివరించారు. ఈ ఈగ రెండు డిగ్రీల తేడాను కూడా గుర్తిస్తుందని 2001 నాటి ప్రయోగాలు తేల్చాయి.

మనకు పాఠం

ఈ వంతెనను చూసి నేర్చుకొని ఇంజనీర్లు వినికిడి యంత్రాల కోసం సూక్ష్మమైన మైకులు తయారుచేశారు. నలుగురు మాట్లాడే చోట ఎదుటివారి మాటను విడిగా వినిపించడం వాటి ఉద్దేశం. మనిషి ఈగ చెవిని అనుకరించాడు గాని ఈగను పుట్టించలేదు.

ఒక్క మాట మరువరాదు. ఆ ఆయత్ జీవశాస్త్ర పాఠం కాదు, తౌహీద్ పాఠం. చెవి నిర్మాణాన్ని పరిశోధనే చెబుతుంది. ఆ చెవిని చూసి ఎవరికి తలవంచాలో ఆయత్ చెబుతుంది.

వినికిడి గురించి ప్రళయదినాన ప్రశ్న ఉందని 'బనీ ఇస్రాయీల్' సూరా 36వ ఆయత్ హెచ్చరిస్తుంది. కనుక చాడీలకు చెవి ఒగ్గకండి. ఇంట్లో వినికిడి తగ్గిన పెద్దలుంటే వారిపై కసరుకోకండి. ఎదురుగా కూర్చుని నిదానంగా చెప్పండి. మీకున్న చెవులకు కృతజ్ఞత అదే.