జీతం సరే... పని నేర్పేదెవరు?

నేలలో ఓ కర్ర పాతి, చేతికి నాలుగు రింగులిచ్చి, ఎంత దూరం నుంచి విసురుతారో మీ ఇష్టం అన్నారనుకోండి. కొందరు కర్ర పక్కనే నిలబడతారు. గురి తప్పదు గానీ గెలిచిన తృప్తీ ఉండదు. కొందరు మరీ దూరం జరుగుతారు. పడితే అదృష్టం, లేకుంటే లేదు. కాస్త శ్రమిస్తే పడే దూరాన్ని ఎంచుకునేవారే వ్యాపారంలో నిలదొక్కుకుంటారని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త డేవిడ్ మెక్లెలాండ్ భావన. ఆ గుణం నేర్పితే వస్తుందా? ఆయన దాన్ని తేల్చుకున్నది మన కాకినాడ వ్యాపారులతోనే.

1964లో కాకినాడ నుంచి 50 మందికి పైగా వ్యాపారులు జట్లుజట్లుగా హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థ సియెట్‌లో పది రోజుల పాటు శిక్షణ తీసుకున్నారు. ఆ సంస్థే ఇప్పటి యూసుఫ్‌గూడ ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈ. పోల్చి చూడటానికి రాజమండ్రి వ్యాపారులను శిక్షణ లేకుండా వదిలేశారు. తర్వాత చూస్తే, శిక్షణ పొందినవారు కొత్త వ్యాపారాలు మొదలుపెట్టడంలో, పెట్టుబడి పెట్టడంలో ముందున్నారు. కులం, పాతకాలపు అలవాట్లు వారికి పెద్దగా అడ్డు రాలేదు. ఈ వివరాలు 1969లో పుస్తకంగా వచ్చాయి.

మగ్గాల షెడ్డులో ఏం మారింది?

ముంబయి చుట్టుపక్కల వస్త్ర కర్మాగారాల్లో స్టాన్‌ఫర్డ్, ప్రపంచ బ్యాంకు పరిశోధకులు చేసిన అధ్యయనం మరో సంగతి చెప్పింది. అక్కడ నూలు గుట్టలుగా పడి ఉండేది. ఏ రంగు ఎంత మిగిలిందో ఎవరికీ తెలియదు. పనిముట్లు చెల్లాచెదురు. మరమగ్గం చెడిపోతేనే మరమ్మతు. కొన్ని కర్మాగారాలకు ఉచితంగా నిపుణులను పంపారు. నూలును రకాల ప్రకారం వేరుచేసి చీటీలు అంటించారు. లోపాలను రకాలవారీగా రాసిపెట్టి, రోజూ సూపర్‌వైజర్లు కూర్చుని ఆ లెక్కలు చూడటం అలవాటు చేశారు. తొలి ఏడాదే ఉత్పాదకత 17 శాతం పెరిగింది.

ఇంత చిన్న పనులు ముందే ఎందుకు చేయలేదు? చాలామంది యజమానులకు వాటి విలువ తెలియదు. పైగా బయటివాళ్లకు పెత్తనం ఇవ్వడానికి భయం. అందుకే ఒక సంస్థ ఎన్ని యూనిట్లు పెట్టగలదన్నది యజమాని ఇంట్లో ఎంతమంది మగవాళ్లున్నారన్న దానిమీదే ఎక్కువగా ఆధారపడి ఉందని తేలింది.

ఉద్యోగం వెతుక్కునేవారు పట్టించుకోవాల్సింది ఇక్కడే. పెద్ద కంపెనీలో యజమాని స్వభావం మీదాకా రాదు. పదిహేను మంది పనిచేసే చోట ఆయన అలవాట్లే కంపెనీ పద్ధతులు. కొడుకునో అల్లుడినో తప్ప ఎవరినీ నమ్మని చోట మీ తెలివికి ఎదుగుదల ఉండదు.

ఇంటర్వ్యూలో ఇవి అడగండి

• చేరిన మొదటి నెల నాకు పని నేర్పేది ఎవరు?
• మెషిన్ ఆగిపోయినా, కస్టమర్ సరుకు వాపసు పంపినా నిర్ణయం ఎవరిది?
• రెండేళ్ల కిందట చేరినవారు ఇప్పుడు ఏ పని చూస్తున్నారు?

మూడో ప్రశ్నకు సమాధానం తడబడితే జాగ్రత్తపడండి. వీలైతే "ఒకసారి లోపల చూడొచ్చా సార్?" అని అడిగి పని జరిగే చోట పది నిమిషాలు తిరగండి. స్టాక్‌కు పేర్లు రాసి ఉన్నాయా, నిన్నటి ఉత్పత్తి లెక్క ఎక్కడైనా కనిపిస్తోందా గమనించండి.

చేరాక మీ వంతు

లెక్కలు లేని చోట లెక్కలు రాయగలిగేవారికి విలువ ఎక్కువ. మూడు నెలల పాటు వాపసు వచ్చిన సరుకును కారణాలవారీగా ఒక ఎక్సెల్ షీట్‌లో నమోదు చేయండి. యజమానికి సలహా చెప్పకండి, ఆ షీట్ చూపించండి. ట్యాలీ, జీఎస్టీ రిటర్నులు, స్టాక్ నిర్వహణ వస్తే ఈ పని తేలిక.

పని నేర్చుకుంటూ స్టైపెండ్ పొందాలనుకుంటే, డిగ్రీ, డిప్లొమా చదివినవారు నాట్స్ (జాతీయ అప్రెంటిస్‌షిప్ శిక్షణ పథకం) పోర్టల్‌లో, ఐటీఐ వారు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో అవకాశాలు చూడవచ్చు. రేపు సొంతంగా యూనిట్ పెట్టాలన్న ఆలోచన ఉంటే, ఎన్‌ఐ-ఎంఎస్‌ఎంఈ నిర్వహించే శిక్షణ కార్యక్రమాలపై కన్నేసి ఉంచండి.

వెయ్యి రూపాయలు ఎక్కువిచ్చి రెండేళ్లూ ఒకే బిల్లు బుక్కు రాయించే చోటు కర్ర పక్కనే నిలబడటం లాంటిది. రింగు ఎలాగూ పడుతుంది, చేయి మాత్రం తిరగదు.